రాలిన ఆకుల మీద పొన్నంగి

కార్తీక మాసం నడుమ హైదరాబాద్‌లో పొద్దున ఆరైనా చీకటి పూర్తిగా విడవదు. బంజారాహిల్స్‌లో క్యాన్సర్ ఆసుపత్రికి ఎదురుగా ఉన్న కేబీఆర్ పార్కు గేటు దగ్గర మాత్రం అప్పటికే జాతరలా ఉంటుంది. స్వెట్టర్లు, మంకీ క్యాపులు, మొలకెత్తిన పెసలు, కాకర రసం, సొరకాయ రసం. ఆ సందడిలోంచి మెడలో బైనాక్యులర్ వేసుకుని లోపలికి నడుస్తుంటే, ఏళ్ల తరబడి నన్ను చూస్తున్న కాపలా అన్న చేతికర్ర గోడకు ఆనించి దగ్గరికొచ్చాడు.

"అక్కా, మీ రంగుల పిట్ట ఒచ్చింది. నిన్న పొద్దుగూకంగ పెద్ద బండ ఎనక రెండుసార్లు ఈల ఏసింది."

ఆ మాట కోసం అక్టోబరు మొదటి వారం నుంచీ ఎదురుచూస్తున్నాను.

ఆయన చెప్పిన రంగుల పిట్ట పేరు పొన్నంగి. గోరింక కన్నా చిన్నది, తోక ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. వీపు ఆకుపచ్చ, పొట్ట పండిన గోధుమ వన్నె, గొంతు తెలుపు, కంటి మీదుగా కాటుక దిద్దినట్టు వెడల్పాటి నల్లచార, భుజం మీద మెరిసే నీలం, తోక కింద కుంకుమ ఎరుపు. హిందీవాళ్లు నౌరంగ్ అంటారు. వానాకాలంలో మధ్య భారతం అడవుల్లో, హిమాలయాల పాదాల దగ్గర గూడు కట్టి పిల్లల్ని పెంచుతుంది. వానలు వెనక్కి మళ్లాక దక్షిణాది అడవులకు, శ్రీలంకకు బయల్దేరుతుంది. ప్రయాణమంతా రాత్రిళ్లే. తెల్లవారేసరికి ఎక్కడో ఒక పొద చూసుకుని దిగి, పురుగూ పుట్రా తిని ఒళ్లు కూడదీసుకుని, మళ్లీ ఓ రాత్రి చీకటిపడ్డాక లేస్తుంది. దారిలో దక్కను పీఠభూమి మీద అది దిగే చోట్లలో ఈ పార్కు ఒకటి. శరత్తు చివర కొన్నాళ్లు, మళ్లీ ఎండాకాలంలో ఉత్తరానికి తిరిగి వెళ్లేటప్పుడు కొన్నాళ్లు. ఇక్కడ దాని బస అంతే.

అడవి పిట్ట పార్కులో ఎందుకు దిగుతుందంటే, కేబీఆర్‌ను మనం పార్కు అని పిలుస్తున్నా అది పూలమొక్కలు, ఫౌంటెన్లు పెట్టి పెంచిన తోట కాదు. 1998లో జాతీయ పార్కుగా ప్రకటించిన అటవీ భూమి. 350 ఎకరాలకు పైనే. 1964 నుంచి 1971 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా పనిచేసిన కాసు బ్రహ్మానందరెడ్డి పేరు పెట్టారు. అంతకుముందు ఇదంతా నిజాం వంశీకుల ఎస్టేటు. చివరి నిజాం మనవడు ముకర్రం జాకు చెందిన చిరాన్ ప్యాలెస్ ఇప్పటికీ చెట్ల మధ్యనే ఉంది. అయితే నాకు ఆ ప్యాలెస్ కన్నా దాని చుట్టూ ఉన్న బండల మీదే మక్కువ ఎక్కువ. దాదాపు 250 కోట్ల ఏళ్ల వయసున్న గ్రానైటు అది. జూబ్లీహిల్స్‌లో ఇలాంటి గుట్టల్ని పగలగొట్టి, చదును చేసి మేడలు కట్టుకున్నాం. ఇక్కడ మిగిలాయి. బండ మిగిలితే దాని సందులో మట్టి, మట్టిలో సీతాఫలం చెట్టు, చెట్టు కింద ఆకు అన్నీ మిగులుతాయి.

లోపలి కాలిబాట మీద వందడుగులు వేయగానే రోడ్డు చప్పుడు పలచబడింది. మొదట పలకరించింది జెముడుకాకి. కడుపులోంచి వచ్చే ఆ "ఊప్ ఊప్ ఊప్" ఎంత దూరం నుంచి వస్తోందో అంచనా వేయడం కష్టం. ఆ తర్వాత పిగిలిపిట్టలు, చిలుకలు, పొదల అడుగున బాబ్లర్ల గుంపు జగడం. మలుపు దగ్గర మగ నెమలి దారి దాటింది. ఈ కాలంలో దానికి చెప్పుకోదగ్గ పింఛం ఉండదు. వానాకాలం అయ్యాక ఈకలన్నీ రాల్చేసి, మళ్లీ కొత్తవి మొలిపించుకునే పనిలో ఉంటుంది. నడకకు వచ్చిన ఒక కుటుంబంలో చిన్నపిల్ల "నాన్నా, ఇది ఆడ నెమలా?" అని అడిగింది. మెడ నీలం చూపించి మగదే అని చెప్పాను. కార్తీకంలో నెమలి ఇలా ఉంటుందని ఆ పిల్లకు ఇక గుర్తుంటుంది.

శరత్తు చివర ఇక్కడ పిట్టల్ని చూడాలంటే ముందు చెవులు సిద్ధం చేసుకోవాలి. రోజూ ఇక్కడే ఉండే పిట్టల గోల మధ్య, కొత్తగా వచ్చినవాటి గొంతు విడిగా పట్టుకోవడంలోనే ఉంది ఈ నెల రుచంతా. వేపచెట్టు పైకొమ్మల్లో "చిస్-లీ, చిస్-లీ" అని ఆగాగి వినిపిస్తుంది. అది గ్రీనిష్ వార్బ్లర్. పది గ్రాములైనా తూగదు. ఆకు రంగులో కలిసిపోయి కంటికి ఒక పట్టాన ఆనదు. హిమాలయాల నుంచి, మధ్య ఆసియా నుంచి వచ్చి చలికాలమంతా మనతోనే ఉంటుంది. ఈ పిట్ట చలికాలాన్ని ఎలా గడుపుతుందో ట్రెవర్ ప్రైస్ అనే శాస్త్రవేత్త మన తూర్పు కనుమల్లోనే పరిశీలించి 1981లో ప్రచురించాడు. ఒక్కో పిట్ట ఒక్కో జాగా పట్టుకుని, ఇది నాది అన్నట్టు దాన్ని కాపాడుకుంటుంది. అది చదివినప్పటి నుంచి నాకు ఆ వేపచెట్టు వేపచెట్టులా కనిపించడం లేదు. దానికి నవంబరు నుంచి మార్చి దాకా ఓ సొంతదారు ఉన్నాడు. వాడు రోజంతా హద్దులు చాటుకుంటూనే ఉంటాడు.

కాస్త కింద, మనిషి ఎత్తు కొమ్మ మీద, "ట్ర్ర్ర్" అని చిన్న గిలక చప్పుడు. చప్పుడుకో తోక విదిలింపు. ఎర్రరొమ్ము ఫ్లైక్యాచర్. గాలిలో ఎగిరే పురుగును అక్కడికక్కడే పట్టుకుని మళ్లీ అదే కొమ్మకు చేరుతుంది. దూరాన యూరప్ తూర్పు అడవుల్లో పుట్టి ఉంటుంది. దీని దగ్గరి చుట్టం సైబీరియా నుంచి వస్తుంది. రెంటినీ విడదీయడానికి తోక మొదట్లో పైఈకల నలుపు ఎంత చిక్కగా ఉందో చూడాలి. ఆ తగువులో పడితే పొద్దెక్కిపోతుందని ముందుకు నడిచాను.

బండ వెనక చోటు నాకు బాగా తెలుసు. సీతాఫలం, కానుగ, వెదురు కలిసి అల్లుకున్న గుబురు. కింద నేల కనిపించదు. ఈ ఏటివీ కిందటేటివీ ఆకులు పొరలు పొరలుగా పరుచుకుని ఉంటాయి. పైపొర గలగలమంటుంది, కాలితో కాస్త కదిపితే లోపల తడిగా, నల్లగా, పుట్టగొడుగు వాసన వేస్తుంది. బాటకు ఇవతలే కూర్చున్నాను. గుబురులోకి వెళ్లకూడదు. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు. దోమలు. ఒక నల్లంచి పిట్ట బండెక్కి తోక నిక్కించి నన్ను తేరిపార చూసి పోయింది.

ముందు తెలిసింది చప్పుడే. ఎండుటాకును ఎవరో వేలితో తిరగేసినట్టు ఒక చిన్న "ఠప్". ఆపైన నిశ్శబ్దం. మళ్లీ "ఠప్". అదే పొన్నంగి. ముక్కుతో ఒక ఆకు అంచు పట్టుకుని పక్కకు విసిరింది. ఆ ఖాళీలోకి ఒంటికంటితో తలవాల్చి చూసింది. ఏమీ లేదు. రెండు గెంతులు గెంతింది. ఇంకో ఆకు. ఈసారి ముక్కుకు ఏదో సన్నగా, తెల్లగా చిక్కింది. రెండుసార్లు నేలకు కొట్టి మింగేసింది. అంతసేపూ ఆ పొట్టితోక నెమ్మదిగా పైకీ కిందకీ ఊగుతోంది. వెదురు ఆకుల సందుల్లోంచి ఓ ఎండచుక్క దాని భుజం మీద పడింది. ఆ నీలం ఒక్కసారిగా వెలిగి, అది గెంతగానే ఆరిపోయింది. ఇన్ని రంగులున్న పిట్ట ఆ నీడలో కదలకుండా నిలబడితే ఎండుటాకుల్లో కలిసిపోతుంది. ఎలాగని ఎన్నిసార్లు చూసినా అర్థం కాదు. లెక్కపెట్టాను: పది నిమిషాల్లో 41 ఆకులు తిరగేసింది.

ఆ 41 ఆకుల గురించి చెప్పడానికే ఈ వ్యాసమంతా.

పిట్ట పేరు సంగతి ముందు చెప్పనివ్వండి. మద్రాసు ఫోర్ట్ సెయింట్ జార్జిలో ఎడ్వర్డ్ బల్క్‌లీ అనే ఆంగ్ల వైద్యుడు ఉండేవాడు. అక్కడి పిట్టల వివరాలు ఇంగ్లండుకు పంపాడు. 1713లో వెలువడిన జాన్ రే పక్షుల గ్రంథం చివర వాటిని అచ్చువేశారు. అందులో ఈ పిట్ట పేరు పొన్నంగి పిట్ట అనే ఉంది, స్పెల్లింగు వాళ్లకు తోచినట్టు రాసుకున్నా. శతాబ్దం తర్వాత, 1816లో, ఫ్రెంచి శాస్త్రవేత్త వియ్యో ఈ పిట్టల ప్రజాతికి శాస్త్రీయ నామం పెడుతూ మన "పిట్ట"నే తీసుకున్నాడు. ఇవాళ ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా ఉన్న నలభైకి పైగా జాతుల్ని ప్రపంచమంతా పిట్టలనే అంటుంది. న్యూగినీ అడవిలో జపాన్ పర్యాటకుడు బైనాక్యులర్ ఎత్తి "పిట్టా" అన్నప్పుడు అతని నోట పలికేది తెలుగు మాట. మద్రాసు కోటలో ఆ వైద్యుడికి ఆ పేరు చెప్పిన తెలుగు మనిషి ఎవరో ఏ పుస్తకంలోనూ లేదు. వేటగాడో, తోటమాలో, కావడి మోసేవాడో. పొన్నంగి అని పలికినప్పుడల్లా నాకు బంగారు అంగీ తొడుక్కున్న పిట్ట ఒకటి, దాన్ని వేలితో చూపిస్తున్న ఆ మనిషి చెయ్యి ఒకటి కళ్ల ముందు కదులుతాయి.

ఇప్పుడు మన పిల్లలకు ఆ పేరు తెలియదు. పిట్టలంటే ప్రాణమిచ్చే కుర్రాళ్లు నాకు చాలామంది తెలుసు. తోక మొదట్లో నలుపు చూసి రెండు ఫ్లైక్యాచర్లను విడదీయగలరు. నల్లంచి, ఏట్రింత, లకుముకి అంటే మాత్రం ముఖం చూస్తారు. తప్పు వాళ్లది కాదు. ఫీల్డ్ గైడు ఇంగ్లిషు, ఫోన్‌లో యాప్ ఇంగ్లిషు. దసరా పుణ్యమా అని పాలపిట్ట ఒక్కటి అందరికీ తెలుసు. అది తెలంగాణ రాష్ట్ర పక్షి కూడా. ఆ దసరా పేరు చెప్పి పాలపిట్టను పంజరంలో పెట్టి ఇంటింటికీ చూపించి డబ్బులడిగేవాళ్లూ ఉన్నారు. చూస్తే మంచిదని మన పెద్దలు చెప్పింది పొలం గట్టు మీదో, కరెంటు తీగ మీదో స్వేచ్ఛగా కూర్చున్న పిట్టను. రెక్కలు కట్టేసినదాన్ని చూస్తే ఏం మంచి?

మళ్లీ ఆకుల దగ్గరికి. నగరంలో మనకు ఆకు అంటే చెత్త. పొద్దున్నే చీపురుతో ఊడ్చి కుప్పపోసి నిప్పు పెడతాం, లేదా బండికెత్తిస్తాం. కాలనీ పార్కుల్లో చెట్టు కింద నున్నగా అలికినట్టు నేల ఉంటే శుభ్రంగా ఉందంటాం. ఆ నున్నటి నేల మీద పొన్నంగికి ఒక్క పురుగు దొరకదు. రాత్రంతా ఎగిరి వచ్చిన పిట్టకు కావలసింది రెండే రెండు: తలదాచుకునే గుబురు, దాని కింద కుళ్లుతున్న ఆకు. ఆ ఆకు పొరల్లోనే చెదలు, వానపాములు, పెంకుపురుగుల పిల్లలు. రేపటి రాత్రి ప్రయాణానికి ఇంధనం అదే. ఊడ్వని ఆకును దీక్షగా కాపాడే చోటు ఈ మహానగరం నడిబొడ్డున ఇంత విశాలంగా ఇంకొకటి నాకు కనిపించదు. నడక బాట పక్కన ఎండుటాకులు చూసి "మెయింటెనెన్స్ లేదు" అని విసుక్కునే పెద్దమనిషి ఎదురైతే నేను ఆగి చెబుతాను. కొందరు వింటారు. ఒకాయన రెండు రోజులు నాతో పాటు బండ దగ్గర కూర్చున్నారు, కర్ర మోకాళ్ల మీద పెట్టుకుని.

పార్కు చుట్టూ హద్దు గురించి కూడా చెప్పాలి. జాతీయ పార్కుల చుట్టూ కొంత మేర పర్యావరణపరంగా సున్నితమైన ప్రాంతంగా ప్రకటిస్తారు. కేబీఆర్ విషయంలో కేంద్రం 2020లో ఇచ్చిన తుది నోటిఫికేషన్ ప్రకారం ఆ ప్రాంతం వెడల్పు కొన్నిచోట్ల 3 మీటర్లు, ఎక్కువలో ఎక్కువ 29.8 మీటర్లు. మూడు మీటర్లంటే మా వంటింటి పొడవు. 2016లో పార్కు చుట్టూ కూడళ్ల దగ్గర ఫ్లైఓవర్ల కోసం చెట్లు తీసేయాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు నగరవాసులు రోడ్డెక్కి చెట్లను కౌగిలించుకుని నిలబడ్డారు. వాహనాల రద్దీ నిజమైన సమస్యే. ఆ దారిలో నేనూ ఇరుక్కుంటాను. కానీ అంచున ఉన్న చెట్లే లోపలి గుబురుకు గోడ. వెలుతురును, పొగను, హారన్‌ను మొదట మింగేది అవే.

వెలుతురు అన్న మాట ఊరికే రాయలేదు. రాత్రిళ్లు ప్రయాణించే పిట్టలకు మేడల మీది దీపాలు దారి తప్పిస్తాయి. తెల్లవారుజామున కిందికి దిగేటప్పుడు అద్దాల గోడలో చెట్టు నీడ కనిపిస్తే అది చెట్టే అనుకుని దూసుకొస్తాయి. మూడేళ్ల కిందట నవంబరులో మేముండే అపార్ట్‌మెంటు మెట్ల దగ్గర పొన్నంగి పడి ఉంది. కళ్లు సగం మూసుకుని, ముక్కు తెరిచి వగరుస్తోంది. ఆత్రంలో దూది తడిపి నోట్లో నీళ్ల చుక్కలు వేశాను. కాసేపటికి నా అరచేతిలోనే ప్రాణం పోయింది. అలా నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయని తర్వాత తెలిసింది. ఆ యాభై గ్రాముల బరువు నా చేతికి ఇంకా గుర్తుంది.

కిందటేడు మళ్లీ అదే అద్దం, మళ్లీ పొన్నంగి. ఈసారి తిండీ నీళ్లూ జోలికి పోలేదు. చెప్పుల అట్టపెట్టెకు చిల్లులు పొడిచి, అడుగున మెత్తటి గుడ్డ పరిచి, దాన్ని లోపల పెట్టి మూత వేసి చీకటి గదిలో ఉంచాను. మధ్యలో మూత తీసి చూడాలని ఎంత అనిపించినా తీయలేదు. సాయంత్రం ఐదింటికి పెట్టెలో గోళ్ల చప్పుడు. వెనకవైపు కానుగ చెట్ల దగ్గరికి తీసుకెళ్లి మూత తెరిచాను. ఒక క్షణం నన్నే చూసింది. కాటుకచార వెనక ఆ కన్ను ఎంత పెద్దదో అప్పుడే చూశాను. తర్వాత రెక్క చప్పుడు, నీలం మెరుపు, చెట్ల గుబురు. ఆ వారమే మా వాళ్లందరితో మాట్లాడితే మెట్ల దగ్గరి పెద్ద దీపం రాత్రి పదకొండు దాటాక ఆపేయడానికి ఒప్పుకున్నారు. అద్దం మీద దగ్గర దగ్గరగా తెల్లటి చుక్కల స్టిక్కర్లు అంటించాం.

పొన్నంగి ఇలా ఇళ్ల దగ్గరికి రావడం ఇప్పటి వింత కాదు. తెలుగు నేల పిట్టల పేర్లను శ్రద్ధగా రాసి పెట్టిన టి.సి. జెర్డన్ అనే ఆర్మీ వైద్యుడు నెల్లూరులో పనిచేశాడు. 1862 నుంచి 1864 వరకు అచ్చయిన ఆయన పుస్తకంలో పొన్నంగి ప్రస్తావన ఉంది. ఎండాకాలం మొదట్లో పడమటి గాలి ఉధృతంగా వీచినప్పుడు ఈ పిట్టలు అలసిపోయి గుడిసెల్లో, పాకల్లో, ఏ కప్పు దొరికితే ఆ కప్పు కింద తలదాచుకునేవట. ఆయన మొట్టమొదట చూసిన పొన్నంగి మద్రాసు జనరల్ ఆసుపత్రిలోకి వచ్చిందే. నెల్లూరులోనూ అలా ఇళ్లలో దూరిన పిట్టలు చాలా దొరికాయని రాశాడు. నూట అరవై ఏళ్ల తర్వాత కూడా అది మన గడపల దగ్గరికే వచ్చి పడుతోంది. అప్పట్లో గాలి తోసేది. ఇప్పుడు దీపం లాగుతోంది.

ఈ నగరానికి పిట్టల్ని లెక్కపెట్టే అలవాటు కొత్త కాదు. 1931-32లో సలీం అలీ నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశాడు. అప్పటికి ఈ గుట్టలు ఊరి అవతల. ఆయన పుట్టినరోజు నవంబరు 12, దేశమంతా పక్షి వీక్షణ దినంగా జరుపుకుంటాం. సరిగ్గా పొన్నంగి మనూరి మీదుగా వెళ్లే రోజులు. 1980లో హైదరాబాద్‌లో మొదలైన బర్డ్‌వాచర్స్ సొసైటీ ఇప్పుడు డెక్కన్ బర్డర్స్ పేరుతో నడుస్తోంది. వాళ్ల పత్రిక పేరు "పిట్ట". ఆ మాటను కనీసం ముఖచిత్రం మీద నిలబెట్టినందుకు వాళ్లకు దండం పెట్టాలనిపిస్తుంది.

చూడాలనుకునేవాళ్లకు ఒకటి రెండు మాటలు. ఆదివారం వద్దు, జనం ఎక్కువ. గేటు తెరిచిన వేళకే వెళ్లండి. ముదురు ఆకుపచ్చో, మట్టి రంగో బట్టలు వేసుకోండి. బాట దిగకండి. ఫోన్‌లో దాని కూత వినిపించి బయటికి రప్పించే పని మాత్రం చేయకండి. ఈమధ్య ఫొటోల కోసం అది బాగా పెరిగింది. తినడానికి నాలుగు రోజులు ఆగిన పిట్ట, లేని శత్రువును వెతుక్కుంటూ తిరిగితే ఆ రోజు తిండి పోయినట్టే. దాని అసలు కూత వినాలంటే సాయంత్రం ఆరు ముందు బండ దగ్గర ఉండండి. తమిళులు దాన్ని ఆరుగంటల పిట్ట అంటారు. పొద్దున, సాయంత్రం ఆ వేళకే కూస్తుంది.

నేను మళ్లీ వెళ్లింది నాలుగు రోజుల తర్వాత, సాయంత్రం. కాపలా అన్న కూడా వచ్చి బండకు ఆనుకుని నిలబడ్డాడు. ఐదూ నలభైకి పొద్దు గుంకింది. పసిరిక పిట్టలు ఒక కొమ్మ మీద వరసగా ఒత్తుకుని కూర్చున్నాయి. చిలుకల చివరి గుంపు అరుచుకుంటూ చిరాన్ ప్యాలెస్ వైపు వెళ్లిపోయింది. గుబురులోంచి ఈల రాలేదు. ఇంకో పావుగంట చూశాం.

"పోయినట్టుంది అక్కా. రాత్రి ఆకాశం సాఫుగ ఉండె," అన్నాడు.

టార్చి వెలుగులో గుబురు అంచు చూశాను. ఎండుటాకులు అక్కడక్కడా తిరగబడి, తడి వైపు పైకి తేలి ఉన్నాయి.